ముసలి వీరుల బేరం

ఆగీ బారు వెనకగదిలో పది కుర్చీలు. ఒక్కోదాని వీపు మీద ఒక్కో పేరు, ఎర్రరంగుతో రాసి ఉంటుంది. ఏటా ఆట ముగిశాక గెలిచినవాళ్ళ పేరు మీద ఆగీ స్వహస్తాలతో కొత్త రంగు పూస్తాడు. మిగిలిన తొమ్మిది పేర్లూ వాటి ఖర్మాన అవి వెలిసిపోవాల్సిందే. బెర్నడీన్ జబ్లోన్‌స్కీ కుర్చీకి రంగు పడి ఎన్నాళ్ళయిందో ఆగీకే గుర్తులేదు. కొత్తవాళ్ళెవరైనా వస్తే ఆ పేరును కూడబలుక్కుని చదవాలి.

అసలు ఈ కుర్చీలు వేయించిందే ఆవిడ. వానకు ఆట ఆగిపోయిన ఒక మధ్యాహ్నం ఆవిడా, బారు యజమాని ఆగీ, ఇళ్ళ పైకప్పులు వేసే క్లెమ్ వ్రాబెల్ బీరు గ్లాసులు ముందు పెట్టుకుని మొదలుపెట్టిన సరదా ఇది. దేశంలో పేరున్న బేస్‌బాల్ ఆటగాళ్ళను ఏటా మార్చిలో రౌండ్లవారీగా, వంతులేసుకుని పంచుకుంటారు. వాళ్ళు ఎక్కడో మైదానంలో బంతిని బాదితే ఇక్కడ మిల్వాకీ ఊళ్ళో వీళ్ళకు పాయింట్లు. తాము ఫలానా పూలకొట్టు బెర్నడీన్ జట్టులో ఉన్నామని ఆ మహానుభావులకు తెలియనే తెలియదు. అయినా సరే, వాళ్ళ మోకాళ్ళు నొప్పెడితే ఈవిడకు తిండి సహించదు.

వరసగా మూడేళ్ళు అట్టడుగున ఉన్నవాళ్ళు కుర్చీ ఖాళీ చేయాలన్నది కూడా ఆవిడ పెట్టిన నియమమే. ఏటా గెలుస్తున్న రోజుల్లో పెట్టింది. అప్పుడు అది తన మెడకే చుట్టుకుంటుందని ఎవరు అనుకుంటారు? పోయినేడు ఆవిడ అడుగున ఉంది. ఈ ఏడు జులై వచ్చేసరికి మళ్ళీ అడుగునే ఉంది, పైకి లేచే సూచనలు కూడా లేవు. ఇంకొక్క ఏడు ఇలాగే గడిస్తే కుర్చీ పోతుంది.

కారణం అందరికీ తెలిసిందే. బెర్నడీన్ జట్టులో వాళ్ళంతా ఒకప్పటి మొనగాళ్ళు. తనకు గెలుపు తెచ్చిపెట్టినవాళ్ళను వదులుకోవడానికి ఆవిడకు మనసొప్పదు. ఏటా కొందర్ని అట్టేపెట్టుకుంటూ, మిగతావాళ్ళను మళ్ళీ ఎంచుకుంటూ వచ్చింది. వెనకగదిలో అందరూ ఆ జట్టుకు వృద్ధాశ్రమమని పేరు పెట్టారు.

ఆ శుక్రవారం, ఆటగాళ్ళను ఇచ్చిపుచ్చుకోవడాలకు ఆ ఏటికి ఆఖరి రోజు. గదిలో వేయించిన చేపల వాసన గుమ్మంటోంది. నోర్బ్ జీలెకీ తన కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. బెర్నడీన్ చెల్లెలు కొలెట్ మొగుడతను. కార్లు అమ్ముతాడు. ఎదుటివాడికి కారు అవసరమో కాదో కనుక్కోకుండానే తాళాలు చేతిలో పెట్టే రకం.

"వదినా, ఏమనుకోకు గానీ, మా ఆఫీసులో డెన్నిస్ అని ఒకడున్నాడు. బుద్ధిమంతుడు. వచ్చే ఏటికి ఓ కుర్చీ ఖాళీ అవుతుందని చెప్పి ఉంచాను."

"ఎవరిది? నీదా?"

గదంతా గొల్లుమంది. నోర్బ్ కూడా నవ్వాడు. రెండో స్థానంలో ఉన్నవాడికి నవ్వడానికేం లోటు?

"నాది ఎందుకవుతుందే తల్లీ! కుర్రాళ్ళు ఓయలెట్, సేల్స్ ఉన్నారు నాకు. ఇంకో పదేళ్ళు నన్ను కదిపేవాడు లేడు. నీ దగ్గర ఎవరున్నారు? ఆ బాల్మసేదా ఒకడు. మొన్న వాడు మొదటి బేస్ దాకా పరిగెత్తేసరికి నాకు ఇక్కడ ఆయాసం వచ్చింది."

హెక్టర్ బాల్మసేదాను ఎవరేమన్నా బెర్నడీన్‌కు గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది. అతను ఇరవైల్లో ఉన్నప్పుడు ఎవరూ అడగని ఆఖరి రౌండులో ఎంచుకుంది. మూడుసార్లు గెలిపించాడు. ఇప్పుడతనికి నలభై దగ్గరపడుతున్నాయి, అయినా దొరికిన బంతిని మాత్రం ఇంకా గోడ దాటిస్తూనే ఉన్నాడు. ఈ ఒక్క వేసవికి పనికొస్తాడు. ఆ తర్వాత సంగతి దేవుడికెరుక.

ఆవిడ పొద్దస్తమానం పూలకొట్లో వేసే లెక్కే అది. గులాబీ వాడిపోయాక ఎవడూ కొనడు. వాడడానికి ముందు రోజే అమ్మేయాలి. కొట్లో ఆ పని కళ్ళు మూసుకుని చేసే మనిషి, ఈ గదిలోకి వచ్చేసరికి ఎందుకింత మెత్తబడిందో! తన మీద తనకే ఒళ్ళు మండింది. ఏమైనా సరే, ఈ కుర్చీ వదిలేది లేదనుకుంది.

"సరే, బాల్మసేదాను అమ్మేస్తాను. కావాలా?"

నోర్బ్ కుర్చీ ముందుకాళ్ళు టక్కున నేలకు ఆనాయి.

గెలవడానికి అతనికి సరిగ్గా అలాంటి బాదేవాడొకడు తక్కువయ్యాడు. అయినా బేరగాడు కదా, మొహం ముడుచుకున్నాడు. "ముసలాడు... అయినా నీ మొహం చూసి తీసుకుంటాలే. ఏం కావాలి? వచ్చే మార్చిలో నా మొదటి రౌండు వంతు మాత్రం అడక్కు. అది ఇచ్చేది లేదు."

"మొదటి రౌండు నాకెందుకు? నాలుగో రౌండులో నీ వంతు ఇవ్వు. ఆరో రౌండులోది కూడా ఇవ్వు."

నోర్బ్ చుట్టూ చూశాడు. ఇంతవరకూ ఆ గదిలో బేరాలన్నీ మొదటి రౌండు వంతుల చుట్టూనే తిరిగాయి. నాలుగూ ఆరూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

"నాలుగు, ఆరు. అంతేనా? తర్వాత ఏడవకూడదు మరి."

"అంతే."

వెంటనే చెయ్యి చాపాడు, ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని. తర్వాత క్లెమ్ వచ్చాడు. బెర్నడీన్ దగ్గరున్న, బంతి విసిరే ముసలి పిచర్ హాలిస్టర్ కావాలన్నాడు. ఐదో రౌండు వంతు అడిగింది, ఇచ్చేశాడు. ఇచ్చేటప్పుడు జాలిగా భుజం తట్టాడు కూడా. వృద్ధాశ్రమం అరగంటలో ఖాళీ అయింది. బాల్మసేదా పేరును ఆగీ నోర్బ్ వైపుకు మార్చి రాస్తుంటే బెర్నడీన్ అటు చూడలేక చేప ముక్కను కెలుకుతూ కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిమ్మకాయ రసం పడిందని చెప్పింది.

మర్నాడు పూలకొట్లో కొలెట్ రిబ్బన్లు కత్తిరిస్తూ నిలదీసింది.

"ఏమే అక్కా, నీకేమైనా మతిపోయిందా? మా ఆయన రాత్రంతా నవ్వుతూనే ఉన్నాడు. నిద్రలో కూడా నవ్వాడే!"

"నవ్వనీ. నీకొకటి చెప్తాను, కడుపులో దాచుకుంటావా?"

"నాకు ఆ ఆటలో ముక్క అర్థం కాదు. దాచడానికేముంది?"

బెర్నడీన్ చెప్పింది. ఆగీ బారులో ఒక ఆచారం ఉంది. అందరూ కలిసిన ప్రతిసారీ, చేపలు వచ్చే ముందు ఆగీ నిలబడి నియమాలన్నీ చర్చిలో పాదిరీలాగా పైకి చదువుతాడు. చివర్లో అందరూ "ఆమెన్" అనాలి. కానీ ఆకలి మీదున్నవాళ్ళు అంతసేపు ఆగుతారా? నాలుగో నియమం దాకా వింటారు. ఐదో నియమం దగ్గర కుర్చీలు కిర్రుమంటాయి. ఆరో నియమం పూర్తి కాకముందే ఎవడో ఒకడు ఆమెన్ అంటాడు, మిగతావాళ్ళు అందుకుంటారు. ఏడోది ఆగీ గొణుగుతాడు, ఎవరికీ వినపడదు.

"ఏముందేమిటి ఆ ఏడోదాంట్లో?"

"ఒక్కొక్కరూ ముగ్గురు ఆటగాళ్ళను మరుసటి ఏటికి అట్టేపెట్టుకోవచ్చు, అది అందరికీ తెలుసు. అయితే ఎవణ్ణి ఏ రౌండులో ఎంచుకున్నామో, ఆ రౌండులో మన వంతు చెల్లించి అట్టేపెట్టుకోవాలి. ఆ వంతు ఇంకొకరికి ఇచ్చేస్తే, ఆటగాడి మీద హక్కు కూడా వాళ్ళదే అవుతుంది. అదే ఏడోది. నేనూ ఆగీ కలిసి రాసిందే. మధ్య రౌండ్ల వంతులు ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు కనక దాని అవసరం ఇంతవరకూ రాలేదు."

"అయితే?"

"మీ ఆయన ఓయలెట్‌ను నాలుగో రౌండులో ఎంచుకున్నాడు. సేల్స్‌ను ఆరో రౌండులో."

కొలెట్ చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆటలో ముక్క తెలియదన్న మనిషికి ముక్క ముక్కా తెలిసిపోయింది. ముందు నోరు మూసుకుంది, తర్వాత బల్ల పట్టుకుని కిందికి కూలబడి పగలబడి నవ్వింది.

"మార్చి దాకా నేనెలా ఊరుకోవాలే? ఆయన మొహం చూస్తే నవ్వొచ్చేస్తుందే!"

"నవ్వొస్తే ఉల్లిపాయలు తరుగు."

ఆ శీతాకాలమంతా జీలెకీ వారింట ఉల్లిపాయల పులుసే.

ఆ ఏడు బాల్మసేదా బాదిన బాదుడికి నోర్బ్ గెలిచాడు. బెర్నడీన్ అనుకున్నట్టే అడుగున మిగిలింది. అడుగున ఉన్నవాళ్ళు పంది బొమ్మ ఏప్రన్ కట్టుకుని, గెలుపు విందులో అందరికీ చేపలు వడ్డించాలి. అది ఆనవాయితీ. నోర్బ్ కుర్చీకి కొత్త ఎర్రరంగు మెరిసిపోతోంది.

"వదినా, ఇటు ఇంకో ముక్క! డెన్నిస్‌కు ఈ ఏప్రన్ బాగుంటుందంటావా, కాస్త బిగుతవుతుందా?"

బెర్నడీన్ నవ్వుతూనే వడ్డించింది. ఆవిడ భయం వేరే. ఆగీ నిలబడి నియమాలు మొదలుపెట్టాడు. గెలిచిన సంతోషంలో నోర్బ్ ఆ రోజు ఎప్పుడూ లేనిది శ్రద్ధగా వింటున్నాడు. ఐదయింది. ఆరయింది. ఎవరూ ఆమెన్ అనలేదు. బెర్నడీన్ వంటింట్లోకి ఒక్క ఉరుకు ఉరికి, వేడివేడి చేపల పళ్ళెం తెచ్చి సరిగ్గా నోర్బ్ ముక్కు కింద పెట్టింది.

"ఆమెన్!" అన్నాడు నోర్బ్, ముక్క అందుకుంటూ.

"ఆమెన్!" అంది గది.

మార్చి శుక్రవారం వచ్చింది. ఎవరెవరిని అట్టేపెట్టుకుంటున్నారో చెప్పి, ఆ తర్వాత మిగిలినవాళ్ళను పంచుకునే రోజు. అట్టడుగువాళ్ళు ముందు చెప్పాలి. బెర్నడీన్ లేచి నిలబడింది. గొంతు వణక్కుండా ఉండాలని ఇంటి దగ్గర అద్దం ముందు చాలాసార్లు చెప్పుకుని వచ్చింది.

"నోర్బ్ నాలుగో రౌండు వంతు నా దగ్గరుంది. దాంతో ఓయలెట్‌ను ఉంచుకుంటున్నాను. అతని ఆరో రౌండు వంతుతో సేల్స్‌ను. క్లెమ్ ఐదో రౌండు వంతుతో అతని కుర్ర క్యాచర్ పిలార్‌ను. ముగ్గురూ అయ్యారు. థాంక్సండీ."

కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత నోర్బ్ ఒంటికాలి మీద లేచాడు.

"ఏమిటీ! ఓయలెట్ నావాడు! ఆగీ, ఈవిడేం మాట్లాడుతోంది? మా అందరి చెవుల్లో పూలు పెడుతోంది!"

ఆగీ తాపీగా కళ్ళజోడు తుడుచుకున్నాడు. అతనికి ఈ సంగతి జులైలోనే తెలుసు. రాసినవాడు కదా! న్యాయం చెప్పాల్సినవాడు ముందే నోరు విప్పకూడదని ఊరుకున్నాడు, అంతే. ఏడో నియమం మొదటిసారిగా గొణక్కుండా, నెమ్మదిగా, మాట మాటా విడదీసి చదివాడు.

"ఇది ఎప్పుడు పెట్టారు?" నోర్బ్ మొహం జేవురించింది.

"మొదటి రోజు నుంచీ ఉంది నాయనా. ప్రతిసారీ చదువుతూనే ఉన్నాను. ప్రతిసారీ నువ్వు ఆమెన్ అంటూనే ఉన్నావు. నువ్వే అందరికన్నా ముందు అంటావు."

ముందుగా నవ్వింది క్లెమ్. తన క్యాచర్ పోయినవాడు నవ్వడం మొదలుపెట్టాక మిగతావాళ్ళు ఆగుతారా? "ముంచేసింది! అందర్నీ ముంచేసింది!" అని బల్ల గుద్దుతూ నవ్వాడు. నోర్బ్‌కు తల కొట్టేసినట్టయింది. పెళ్ళాం వైపు తిరిగాడు. కొలెట్ ఆ రోజు కావాలని వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"నీకు తెలుసా?"

"అందుకే కదండీ అన్ని ఉల్లిపాయలు" అంది కొలెట్. పాపం, ఆవిడ ఇన్నాళ్ళూ బిగబట్టిన నవ్వు ఒక్కసారి బయటపడింది.

పంపకం చాలాసేపు సాగింది. ఆఖరి రౌండు వచ్చేసరికి అందరూ అలిసిపోయి, పేరు కాస్త విన్నట్టుంటే చాలన్నట్టు ఎంచుకుంటున్నారు. బెర్నడీన్ వంతు వచ్చింది.

"బాల్మసేదా" అంది.

నోర్బ్ అతన్ని అట్టేపెట్టుకోలేదు. గెలిచాక ముసలాడితో పనేముంది? ఎవరూ ఎంచుకోనూ లేదు.

"మళ్ళీ వృద్ధాశ్రమం తెరిచావా?" అన్నాడు క్లెమ్.

"ఒక్క గది" అంది బెర్నడీన్.

అంతా బాగానే ఉంది గానీ, ఆట అన్నాక మన ఇష్టప్రకారం నడుస్తుందా? ఏప్రిల్‌లో ఓయలెట్ బ్యాటుకు బంతి తగలడమే మానేసింది. సేల్స్ భుజం పట్టేసింది. మే నెలాఖరుకు బెర్నడీన్ జట్టు మళ్ళీ అడుగునే ఉంది. కొట్లో కూర్చుని ఎవరి పెళ్ళికో తెల్లగులాబీలు కడుతూ, చావుకు పంపాల్సిన రిబ్బను వాటికి చుట్టేసింది. కొలెట్ చూసింది కనక సరిపోయింది.

ఒక శుక్రవారం వెనకగదిలోకి అడుగుపెట్టేసరికి ఆవిడ కుర్చీలో ఎవరో సన్నగా, టై కట్టుకున్నాయన కూర్చుని ఉన్నాడు.

"మా డెన్నిస్" అన్నాడు నోర్బ్. "సరిపోతుందో లేదో చూసుకుంటానంటేనూ..."

బెర్నడీన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. "చూసుకున్నారుగా. ఇంక లేవండి."

డెన్నిస్ గభాలున లేచాడు. మంచివాడే పాపం, అక్కడ ఉన్న బీరు గ్లాసు కూడా మర్చిపోయి వెళ్ళాడు. ఆవిడ కూర్చుని రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకుంది. ఈ గది లేకపోతే తన శుక్రవారాలు ఏమవుతాయో తలుచుకుంటేనే ఆవిడకు భయం వేసింది. ఓయలెట్‌ను తీసేయమని, మార్చేయమని అందరూ సలహాలిచ్చారు. ఆవిడ కదల్లేదు. మొగ్గను వేళ్ళతో విప్పితే పువ్వవుతుందా?

జూన్‌లో విచ్చుకున్నాడు. ఓయలెట్ వరసపెట్టి బాదడం మొదలుపెట్టాడు. సేల్స్ భుజం దారికొచ్చింది. అతను బంతి విసురుతుంటే ఎదుటివాళ్ళు బ్యాటును గాలిలో ఊపి వెళ్ళిపోతున్నారు. పిలార్ కూడా తోడయ్యాడు. జులైలో బెర్నడీన్ ఆరో స్థానం, ఆగస్టులో మూడు. ఇటు నోర్బ్ జట్టు కొండ మీంచి దొర్లే రాయిలా కిందికి వస్తూనే ఉంది. కుర్రాళ్ళు పోయాక అతనికి మిగిలినవాళ్ళలో ఒకడికి నడుము, ఒకడికి మడమ. సెప్టెంబరు వచ్చేసరికి కుర్చీ సంగతి తేలిపోయింది. అది బెర్నడీన్‌దే. అయితే ఆశకు అంతుందా? కుర్చీ దక్కింది, ఇప్పుడు రంగు కూడా కావాలనిపించింది.

ఆఖరి ఆదివారం మధ్యాహ్నం గదంతా టీవీ ముందే ఉంది. క్లెమ్ పైన, బెర్నడీన్ ఒక్క పాయింటు కింద. పొద్దునే ఓయలెట్‌కు మణికట్టు నొప్పని కబురొచ్చింది. అతని చోటులో ఎవరినైనా పెట్టాలి.

"ఎవరినైనా కుర్రాణ్ణి పెట్టవే" అంది కొలెట్.

"బాల్మసేదా ఇవాళ్టితో ఆట మానేస్తున్నాడు. ఇదే ఆఖరి రోజు. వెళ్ళేటప్పుడు నా జట్టులోంచే వెళ్ళాలి. ఒకసారి అమ్మేశాను, చాలు."

"అతన్ని అసలు ఆడిస్తారో లేదో!"

"ఆడించకపోతే మానె."

ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా ఆడించలేదు. బాల్మసేదా బెంచీ మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతూ కనిపించాడు. క్లెమ్ ఆటగాళ్ళందరి ఆటలూ అయిపోయాయి. ఇంక ఈ ఒక్క ఆటే మిగిలింది. అప్పుడు ముసలాడు లేచాడు. బ్యాటు భుజాన వేసుకుని నెమ్మదిగా నడిచి వస్తుంటే మైదానంలో జనమంతా లేచి నిలబడ్డారు. ఇక్కడ వెనకగదిలో కూడా, ఎవరూ చెప్పకుండానే, అందరూ లేచారు.

మొదటి బంతి వదిలేశాడు. రెండోదానికి ఊపాడు, తగల్లేదు. "అయ్యో, నడుము!" అన్నాడు నోర్బ్. మూడో బంతి కాస్త పైకి, కాస్త లోపలికి వచ్చింది. ఇన్నేళ్ళుగా అతను ఎక్కడ బాదుతాడో బెర్నడీన్‌కు తెలుసు. బ్యాటు కదలకముందే ఆవిడ అరిచింది. బంతి లేచింది, లేస్తూనే ఉంది, ఎడమవైపు గోడ మీంచి వెళ్ళి జనంలో పడింది.

గదిలో అందరికన్నా గట్టిగా అరిచింది నోర్బ్. "చూశారా! చూశారా! నావాడు! పోయినేడు నన్ను గెలిపించినవాడు!" అని గెంతి, క్లెమ్‌ను కావలించుకుని, ఆ తర్వాత తనది పదో స్థానమని గుర్తొచ్చి ఠక్కున కూర్చున్నాడు. బెర్నడీన్ టీవీ ముందు నిలబడి ఏడ్చేసింది. ఈసారి నిమ్మకాయ మీదికి నెట్టలేదు. ముసలాడు నాలుగు బేసులూ తాపీగా, ఎవరినో ఇంటిదాకా దిగబెడుతున్నట్టుగా చుట్టి వచ్చేవరకూ ఆవిడ చప్పట్లు ఆపలేదు.

శుక్రవారం విందుకు ఆవిడ తెల్ల బ్లౌజు వేసుకుని వచ్చింది. నోర్బ్ పంది బొమ్మ ఏప్రన్‌లో ఉన్నాడు. బిగుతుగానే ఉంది. ఆగీ నియమాలు చదివాడు. ఏడోది చదువుతున్నప్పుడు ఒక్కరు కూడా ఊపిరి తీసుకోలేదు. ఆమెన్ ఆ తర్వాతే అన్నారు.

"వదినా, చేప" అన్నాడు నోర్బ్, పళ్ళెం పెట్టి. కాసేపు అక్కడే తచ్చాడాడు. "ఆ బాల్మసేదాను నేను మార్చిలో వదిలేయకుండా ఉండాల్సింది."

"వదిలేశావు కనకే నాకు దొరికాడు. కాస్త నిమ్మకాయ తెచ్చిపెట్టు నాయనా."

నోర్బ్ వెళ్ళాడు. ఆగీ అటు నుంచి కేకేశాడు. "బెర్నీ, జాగ్రత్త! వీపు ఆనించకు. మధ్యాహ్నమే వేశాను, రంగు ఇంకా ఆరలేదు."

బెర్నడీన్ తల తిప్పి చూసుకుంది. పేరు మొత్తం ఉంది, ఒక్క అక్షరం తప్పకుండా, ఎర్రగా, తడిగా. ఎన్నేళ్ళయింది! ఆవిడ కాళ్ళు చాపుకుని, హాయిగా ఊపిరి వదిలి, కుర్చీలో వెనక్కి పూర్తిగా వాలిపోయింది. ఆ రాత్రి లింకన్ అవెన్యూ పొడవునా, వీపు మీద తిరగబడిన ఎర్రటి అక్షరాలతో, కోటు చేత్తో పట్టుకుని నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది.